పక్క స్థలంలో ఏం కడతారో గొయ్యి తవ్వకముందే మాకు చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు వైపు, పెళ్ళయ్యి చెన్నై వచ్చి నలభై ఏళ్ళు దాటింది, కోడంబాకంలో సొంత ఇల్లు. మీ పేపర్లో చెన్నై పేజీ రోజూ చదువుతాను, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు నేను కూర్చుని రాస్తున్న హాల్లో తూర్పు గోడ మీద ఒక పగులు ఉంది. కిటికీ మూల దగ్గర మొదలై ఏటవాలుగా కిందికి దిగింది. మాకు తెలిసిన ఇంజినీర్ అబ్బాయి ఒకతను వచ్చి చూసి, పగులు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి పక్కన డేట్ వెయ్యండి ఆంటీ, పెరుగుతోందో ఆగిందో తెలిసిపోతుంది అన్నాడు. అప్పట్నుంచి గీస్తూనే ఉన్నాను, ఇప్పటికి ఆరు గీతలయ్యాయి. మొదటి గీతకీ ఆరో గీతకీ మధ్య జానెడు పైనే ఉంది.

సంగతేంటంటే, మా తూర్పు పక్క ఇల్లు పాత మిద్దె ఇల్లు, చుట్టూ ఖాళీ, వెనక కొబ్బరిచెట్లు. ఆ పెద్దవాళ్ళిద్దరూ పోయాక పిల్లలు అమ్ముకున్నారు, అది వాళ్ళిష్టం, అందులో తప్పేం లేదు. కొన్నవాళ్ళెవరో మాకు తెలీదు, ఏం కడతారో తెలీదు. ముందు గేటు పీకేశారు, తర్వాత చెట్లు కొట్టేశారు, వీధి వైపు పచ్చ గుడ్డ కట్టారు, ఒకరోజు రాత్రి పదింటికి జేసీబీ దిగింది. పొద్దున్న లేచి మేడ మీద నుంచి చూస్తే మా కంపౌండ్ గోడకి మూడడుగుల దూరంలో నిలువునా గొయ్యి, మనిషి లోతు కంటే ఎక్కువ, పక్క మట్టి జారకుండా ఒక్క రేకు గానీ చెక్క గానీ ఆనించలేదు. ఆ తర్వాత గొయ్యిలో ఊరిన నీళ్ళకి మోటారు పెట్టి రాత్రింబవళ్ళు రోడ్డు పక్క కాలవలోకి తోడేశారు. మా బావి సంగతి చెప్పాలి మీకు. 2015 వరదల్లో అంచుదాకా నిండిన బావి అది, 2019 ఎండాకాలం ఊరంతా ట్యాంకర్ లారీల కోసం బిందెలు పట్టుకుని నిలబడినప్పుడు కూడా రోజుకి నాలుగైదు బిందెలు ఇచ్చింది, మా వీధిలో మూడిళ్ళవాళ్ళు తోడుకెళ్ళేవాళ్ళు. అలాంటిది పక్కవాళ్ళు తోడటం మొదలెట్టిన తొమ్మిదో రోజుకి అడుగున రాళ్ళు కనబడ్డాయి. గోడ పగులు కూడా ఆ వారంలోనే మొదలైంది.

మావారు, నేనూ కలిసి ఆఫీసుకి వెళ్ళాం. ఏ ఆఫీసో పేరు రాయను, అక్కడున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పర్మిషన్ ఇచ్చేసి చాలా రోజులైందమ్మా, అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి చూసుకోండి అన్నాడు. ఇంటికొచ్చి మా మనవడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు, నంబర్ లేకుండా వాడికి ఏదీ దొరకలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే నంబర్ సైట్‌లో పెట్టిన బోర్డు మీద ఉంటుంది అన్నారు. సైట్‌లో బోర్డే లేదు! రెండు నెలల తర్వాత పెట్టారు లెండి, లోపల సిమెంటు బస్తాల వెనకాల, సగం అక్షరాలు కనిపించకుండా. అప్పటికి పునాది లేచి పిల్లర్లు నిలబడ్డాయి.

సైట్‌లో బోర్డు పెట్టాలని, దాని మీద పర్మిషన్ నంబర్, ఎన్ని అంతస్తులు, ఇలాంటి వివరాలు రాయాలని మన తమిళనాడులో రూల్ ఉంది. సుప్రీంకోర్టు కూడా 2024 డిసెంబర్ 17న ఇచ్చిన తీర్పులో కట్టడం జరుగుతున్నంత కాలం అప్రూవ్ అయిన ప్లాన్‌ని సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టాలని చెప్పింది, కట్టడం ప్లాన్ ప్రకారమే పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఉంది. మంచి మాటే, ఎవరూ కాదనరు. కానీ గమనించండి, ఇవన్నీ పర్మిషన్ వచ్చాక జరిగే సంగతులు. అప్లికేషన్ పెట్టినప్పుడు, అంటే ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉండి రబ్బరుతో చెరిపేసి మార్చగలిగే టైంలో, పక్క గోడవాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలనే పద్ధతి మామూలు ఇళ్ళకీ అపార్ట్‌మెంట్లకీ లేదు. నా బాధంతా దాని గురించే.

ఆర్‌టీఐ వేయొచ్చు కదా అని మా చుట్టాలబ్బాయి అన్నాడు. వేశాం, పది రూపాయలు కట్టి. చట్టం ప్రకారం జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది. వాళ్ళకి 30 రోజులు గడువేమో గానీ గొయ్యికి గడువుండదు కదండీ, ఆ నెలలో కాంక్రీటు పోసేశారు. ఇంకో విషయం నేను ఈ గొడవలో పడ్డాకే తెలుసుకున్నాను. 2005 ఆర్‌టీఐ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, తాము ఇచ్చిన పర్మిట్లు ఎవరెవరికి ఇచ్చారో ఎవరూ అడక్కుండానే ప్రతి ఆఫీసూ బయట పెట్టాలి. అక్కడ కూడా ఇచ్చినవే. అడిగినవి, అంటే ఇంకా పరిశీలనలో ఉన్న అప్లికేషన్లు, ఆ వరసలో లేవు. మనకి కావాల్సింది ఆ రెండోదే.

అసలు ముందుగా నోటీసు ఇచ్చే పద్ధతి మనకి బొత్తిగా లేదని కాదు. ఇళ్ళ జోన్‌లో ఉన్న స్థలాన్ని కమర్షియల్ చేయాలన్నా, పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చాలన్నా సీఎండీఏ, అంటే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ, పేపర్లో ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలుంటే పలానా టైంలోపు రాసి పంపండి అని అడుగుతుంది. ఆ ప్రకటనలు మీరు చూసే ఉంటారు, చిన్న అక్షరాలు, సర్వే నంబర్లు, సబ్ డివిజన్ నంబర్లు, ఊరి పేరు. మా ఇంటి సర్వే నంబర్ ఎంతో మా ఇంట్లో ఎవరికీ నోటికి రాదు, పత్రాలు తీసి చూడాలి. పక్కింటి నంబర్ ఎవరికి తెలుస్తుంది? పైగా ఇది స్థలం వాడకం మార్చే వాటికే, ఉన్న జోన్‌లోనే ఐదంతస్తులు లేపుతామంటే ఆ ప్రకటన కూడా రాదు. ఇంకా పెద్దవి, 20,000 చదరపు మీటర్లు దాటిన బిల్డింగులకి ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ కావాలి, అక్కడైనా చుట్టుపక్కల జనాన్ని పిలిచి అడుగుతారేమో అనుకున్నాను, ఆ క్లియరెన్స్ ఎలా ఇవ్వాలో చెప్పే 2006 ఈఐఏ నోటిఫికేషన్‌లో బిల్డింగ్ ప్రాజెక్టులన్నిటికీ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చేశారు. ఫ్యాక్టరీ పెడితే ఊరిని అడుగుతారు, మన గోడ పక్కన వంద ఫ్లాట్లు వస్తే అడగరు.

మా పెద్దవాడు ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌లో ఉంటాడు. 2018లో నేను అక్కడ ఆరు నెలలు ఉన్నప్పుడు ఒకరోజు పోస్టులో కౌన్సిల్ నుంచి కవరు వచ్చింది. ఏదో ఫైన్ వేశారేమో అని భయపడ్డాను. తీరా చూస్తే పక్కింటివాళ్ళు ఇల్లు పడగొట్టి రెండు మేడ ఇళ్ళు కట్టుకుంటామని అప్లై చేశారు, ప్లాన్ ఇక్కడ చూడొచ్చు, చెప్పాల్సింది ఉంటే రాసి పంపండి అని. అద్దెకున్నవాళ్ళకి కూడా పంపుతారట, ఓనర్లకే కాదు, ఎందుకంటే ఆ ఇంట్లో కాపురం ఉండేది వాళ్ళు కాబట్టి. వీధిలో నడిచేవాళ్ళకి కనపడేలా ఆ ఇంటి ముందు ఒక బోర్డు కూడా నిలబెట్టారు. విక్టోరియా రాష్ట్రంలో 1987లో వచ్చిన చట్టంలోనే ఉందట ఇది, చుట్టూ ఉన్నవాళ్ళకి ఇబ్బంది రావచ్చు అనిపించిన ప్రతి అప్లికేషన్‌కీ నోటీసు ఇవ్వాలి, నోటీసు ఇచ్చాక 14 రోజులు గడిచేదాకా కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు. మావాడు ప్లాన్ చూసి, మేడ మీద గది కిటికీ సూటిగా మా పెరట్లోకి చూస్తోంది అని ఒక పేజీ రాసి పంపాడు. కట్టడం ఆగలేదు, ఎవరూ పోట్లాడుకోలేదు, ఆ కిటికీకి మాత్రం మసక అద్దం పెట్టారు. తర్వాత ఆ పక్కింటావిడ మాకు కేకు తెచ్చిచ్చింది. ఎదుటివాళ్ళ ఇల్లు ఆపాలని మావాడికి లేదు, ముందు తెలిసింది కాబట్టి ఒక కాగితం ముక్కతో పని అయిపోయింది, అదే కిటికీ పెట్టేశాక అయితే ఇద్దరి మధ్యా జీవితాంతం మాటలుండేవి కాదు.

ఇక్కడ మాకు జరిగింది చూడండి. పగులు చూపిస్తే సైట్ సూపర్‌వైజర్ వచ్చి, ఇది పాత పగులమ్మా, మీ ఇల్లు పాతది కదా, ముందునుంచే ఉండుంటుంది అన్నాడు. నేను ఏమని చెప్పాలి? పగులు లేనప్పటి గోడని ఎవరు ఫోటో తీసి పెట్టుకుంటారు? ముందే ఒక నోటీసు వచ్చి ఉంటే గొయ్యి తవ్వకముందే ప్రతి గదీ ఫోటో తీయించి పెట్టుకునేవాళ్ళం, ఒక ఇంజినీర్‌ని పిలిచి రాయించి పెట్టుకునేవాళ్ళం, గోడ వైపు మట్టికి సపోర్ట్ పెట్టకుండా తవ్వొద్దని ఆ రోజే అడిగేవాళ్ళం. చివరికి అతను పుట్టీ పెట్టి పెయింట్ వేయిస్తాను అన్నాడు. పుట్టీ పెడితే నా పెన్సిల్ గీతలు కనపడకుండా పోతాయని నేనే వద్దన్నాను.

మౌలివాకం సంగతి చెన్నై తెలుగువాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. 2014 జూన్ 28 సాయంత్రం, వానలో, కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగ్ కూలిపోయి 61 మంది చనిపోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలిపనికి వచ్చినవాళ్ళే, ఆడవాళ్ళు కూడా. పక్కన మిగిలిన రెండో టవర్‌ని 2016 నవంబర్‌లో పేలుడు పెట్టి కూల్చారు, ఆ రోజు టీవీలో చూస్తూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే అది జరిగేది కాదని నేను అనను, అంత మాట అనడానికి నేనెవర్ని. కానీ ఒక స్థలంలో వానాకాలం నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఎంత లోతులో ఊట తగులుతుందో, ముందు అక్కడ గుంట ఉందో చెరువు ఉందో, ఇవన్నీ ముప్పై నలభై ఏళ్ళుగా పక్కనున్న ఇళ్ళవాళ్ళకి తెలిసినట్టు ఏ ఫైల్లోనూ ఉండదు. మా పక్క స్థలంలో వెనక మూల పాత బావి ఉండేది, చెత్తా మట్టీ పోసి పూడ్చేశారు, దాని మీదే ఇప్పుడు ఒక పిల్లర్ నిలబడింది. మమ్మల్ని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. ఆ మాట ఇప్పుడు సూపర్‌వైజర్‌కి చెప్తే అతని మొహం మారిపోయింది, పాపం అతనికీ ఎవరూ చెప్పలేదు. రేపు ఆ ఫ్లాట్లు కొనుక్కుని వచ్చేవాళ్ళు మాకు శత్రువులా ఏంటి, వాళ్ళ గురించీ భయమే.

బిల్డర్ల వైపు మాట కూడా విన్నాను, మా మేనల్లుడు ఆ లైన్లోనే ఉన్నాడు. అత్తా, ముందే అందరికీ చెప్పామంటే ప్రతివాడూ అడ్డం పడతాడు, అభ్యంతరం పేరు చెప్పి డబ్బులడిగేవాళ్ళు తయారవుతారు, పర్మిషన్ ఏళ్ళకేళ్ళు తిరగాల్సొస్తుంది అన్నాడు. అది అబద్ధం కాదు, నాకూ తెలుసు. మా చెల్లెలు చిన్న ఇల్లు కట్టుకోవడానికి తిరిగిన తిరుగుడు నేను కళ్ళారా చూశాను. అందుకే 2024 జులైలో మన ప్రభుత్వం 2500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3500 అడుగుల లోపు కట్టే ఇళ్ళకి, గ్రౌండ్ ఫ్లోర్ లేదా ఇంకొక్క అంతస్తు, సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద, అంటే రూల్ ప్రకారమే కడతామని కట్టుకునేవాళ్ళే రాసిస్తే, వెంటనే పర్మిషన్ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడు నేను సంతోషించాను. అలాంటి చిన్న ఇళ్ళకి గేటుకి ఒక ఫ్లెక్సీ కడితే చాలు, ఇంకేం అక్కర్లేదు. నేను అడిగేది స్టిల్ట్ పెట్టి, అంటే కింద కార్లకి పిల్లర్ల మధ్య ఖాళీ వదిలి, అంతస్తుల మీద అంతస్తులు వేసేవి, బేస్‌మెంట్ తవ్వేవి, వాటి గురించి. వాటికి అప్లికేషన్ పెట్టిన రోజే గేటు బయట వీధిలోకి కనపడేలా బోర్డు, తమిళంలో పెద్ద అక్షరాలతో, అప్లికేషన్ నంబర్ వేసి. స్థలానికి ఆనుకుని ఉన్న నాలుగు వైపుల ఇళ్ళకీ పోస్టులో ఒక కాగితం, అద్దెకున్నవాళ్ళకి కూడా. పదిహేను రోజులు గడువు. అభ్యంతరం రాతపూర్వకంగానే, పేరు పెట్టే, సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, గొయ్యి, డ్రైనేజీ, మంటలార్పే బండి తిరిగే దారి, ఇలా రూల్‌కి సంబంధించింది మాత్రమే. పదహారో రోజు నుంచి ఆఫీసు తన పని తను చేసుకోవచ్చు, పక్కింటివాళ్ళ సంతకం కోసం ఆగక్కర్లేదు. డబ్బులడిగేవాడికి చీకట్లో మాట్లాడటం కావాలి గానీ పేరు పెట్టి కాగితం రాయమంటే వాడు రాడు, ఇది మా మేనల్లుడే ఒప్పుకున్నాడు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటున్నానంటే, చెన్నై రెండో మాస్టర్ ప్లాన్ 2008లో వచ్చింది, అది 2026 వరకే, మూడోది తయారవుతోంది. 1,189 చదరపు కిలోమీటర్లు ఉన్న చెన్నై మెట్రో ఏరియాని 2022లో 5,904కి పెంచారు, అంటే ఇక మీదట మన ఏరియాలోనే కాదు, గుమ్మిడిపూండి దాకా ఇదే గొడవ. 2016 తర్వాత ఐదేళ్ళు పైనే మన కార్పొరేషన్‌లో అడగడానికి కౌన్సిలరే లేడు, 2022 ఎన్నికల తర్వాత 200 వార్డులకీ వచ్చారు, వార్డులో జనాన్ని పిలిచి మాట్లాడే ఏరియా సభలు కూడా పెడుతున్నారు. వార్డులో కొత్తగా పెట్టిన అప్లికేషన్ల లిస్టు ఆ సభలో చదివి వినిపిస్తే ఎంత ఖర్చవుతుంది చెప్పండి.

ఇక మీ పేపర్‌ని ఒకటి అడగాలి. మా తరం తెలుగువాళ్ళం చెన్నైలో తమిళం గడగడా మాట్లాడతాం, కూరగాయల దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా అదే భాష, కానీ చదవడం చాలామందికి రాదు. మా పిల్లలకి వచ్చు, వాళ్ళు ఊళ్ళో లేరు. నాకు బస్సు బోర్డు చదివేంత వచ్చు, సర్కారు ప్రకటన చదివేంత రాదు. సీఎండీఏ ప్రకటనలు తమిళం, ఇంగ్లీషు పేపర్లలో వస్తాయి, కోడంబాకం, సాలిగ్రామం, పెరంబూరు, రాయపురం ఇలా తెలుగువాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న చోట్ల ఆ ప్రకటన మా గుమ్మం దాకా రాదు. చెన్నై పేజీలో వారానికి ఒకరోజు ఒక చిన్న బాక్స్ కట్టి, ఏ ఏరియాలో ఏ వీధి దగ్గర స్థలానికి వాడకం మార్చమని అడుగుతున్నారు, అభ్యంతరం ఎప్పటిలోపు పంపాలి, ఈ రెండు ముక్కలు తెలుగులో వేయండి. సర్వే నంబర్ కంటే వీధి పేరు ముఖ్యం, అది మీ రిపోర్టర్లు కనుక్కోగలరు. సినిమా వాళ్ళ కబుర్లు వేసే చోటులో నాలుగో వంతు చాలు.

ఈ ఉత్తరం మీరు వేస్తే ఆ పేజీ కత్తిరించి వచ్చే ఏరియా సభకి తీసుకెళ్ళి, మా కౌన్సిలర్ గారికి అర్థమయ్యేలా పక్కనే తమిళంలో మనవడి చేత రాయించి ఇస్తాను.

ఇంకొక్క మాట. మా పడమటి పక్కింటివాళ్ళు కూడా పోయిన నెల ఖాళీ చేశారు, గేటుకి తాళం, ఎవరు కొన్నారో ఎవరికీ తెలీదు. మొన్న ఆదివారం మా మనవడి చేత ఆ వైపు గోడలన్నీ, వంటింటి గట్టు కింద కూడా, ఫోటోలు తీయించాను, ప్రతి ఫోటోలోనూ ఆ రోజు మీ పేపర్ డేట్ కనపడేలా గోడకి ఆనించి పెట్టి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోడంబాకం, చెన్నై